పర్మిషన్ లేని అమ్మమ్మ

భవానీపురం,
ఆదివారం.

హర్షవర్ధన్ గారికి రుచిత రాసేది.

ఇక్కడ నేనూ బాబూ బాగానే ఉన్నాం. మీరూ ఒంట్లో కులాసాగా ఉన్నారనుకుంటాను. ఎంత కోపంగా ఉన్నా ఉత్తరంలో ముందు ఈ మాట రాయాలని మా అమ్మ నేర్పింది, అందుకని రాశాను. ఇప్పుడు కోపంగానే ఉన్నాను.

ఫోన్లో చెబుదామంటే మీ అరుణాచల్ కొండల్లో మాట మధ్యలో సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోయిందో, మీరే పెట్టేశారో ఇక్కణ్ణుంచి నాకు తెలియదు. వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికల్లా అది ఉయ్యూరులో అత్తయ్యగారి ఫోన్లో ఉంటుంది. అందుకే కాగితం మీద రాసి, సెలవు అయిపోయి మీ సొరంగం పనికి తిరిగి వస్తున్న శౌరయ్య గారి చేతికిస్తున్నాను. ఆయన సంచిలో మీకు గోంగూర పచ్చడి సీసా కూడా ఉంది. అది పోయిన వారం పెట్టాను. అప్పటికి నాకింకా ఏమీ తెలియదు. తినండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. సాత్విక్‌కి దగ్గు పూర్తిగా తగ్గింది. అన్నం తింటున్నాడు, పెరుగన్నం అయితే ఇంకా కావాలంటున్నాడు. బాత్రూమ్‌లో నీళ్ళు కారడం ఆగింది, ప్లంబర్ వచ్చి పైపు మార్చాడు. మంగళగిరి నుంచి మా అమ్మని పిలిపించుకోవచ్చుగా అని మళ్ళీ రాశారు. నాన్నకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని మంచం మీంచి లేపాలన్నా, బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలన్నా అమ్మే. ఇది మీకు తెలుసు. తెలిసీ ప్రతి మెసేజ్‌లోనూ అడుగుతారు. అడిగి, ఆ పక్క వాక్యంలో "పోనీ ఉద్యోగం మానేసి ఉయ్యూరు వెళ్ళిపో" అని రాస్తారు. ఈసారీ రాశారు.

చివర్న ఇంకో ప్రశ్న. గంగారత్నం దగ్గర ఆగిపోయింది కదా, ఇప్పుడు పిల్లాడికి ఏం ఏర్పాటు చేశావు అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఫోన్లో మీకు సగమే చెప్పాను, మీరు అందులో సగం విన్నారు. మొదటినుంచీ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆవిణ్ణి మీరు చూసింది పోయిన సెలవులో ఒక్కసారి, అదీ గుమ్మం బయట నిలబడి. బందరు అవతల సముద్రం పక్కన వాళ్ళ ఊరు. ఇరవై ఏళ్ళ కిందట మొగుడు కొండలయ్యతో కలిసి ఇటొచ్చేశారు. ఆయన తెల్లారగట్ల మోపెడ్ మీద చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముతాడు. మన అపార్ట్‌మెంట్ వెనకాల రెండు గదుల పోర్షన్లో ఉంటారు. నర్సు సువార్తమ్మకి కాన్పు అయి, డ్యూటీలో చేరాల్సి వచ్చినప్పుడు, ఆవిడ బాబు ఫిన్నీని చూసుకోవడానికి గంగారత్నం గారు ఒప్పుకున్నారు. అలా మొదలైంది. తర్వాత మనవాడు, బట్టల షాపులో పనిచేసే శివపార్వతి కూతుళ్ళిద్దరూ. మొత్తం నలుగురు. ఆవిడ బోర్డు పెట్టలేదు, ఎవర్నీ రమ్మనలేదు. మేమే వెళ్ళి బతిమాలాం.

ఆవిడ దేవత అని నేననను. టీవీ పెద్దగా పెడుతుంది. పిల్లలకి టీ ఇవ్వొద్దంటే తల ఊపి, రస్కు టీలో ముంచి పెడుతుంది. కోపం వస్తే నోటికి అడ్డు ఉండదు. కానీ నేను ఎప్పుడు చెప్పకుండా వెళ్ళినా ఆవిడ పిల్లల మధ్యలోనే ఉండేది. ఆటోనగర్లో నేను లెక్కలు చూసుకుంటుంటే మనసు ఇంటివైపు లాగని రోజులు అవే.

ఆ రోజు నెలాఖరు బిల్లుల మీద ఉన్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్. మగ గొంతు. మీ బాబు మా ఆఫీసులో ఉన్నాడు, ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ తీసుకుని రండి అని అడ్రసు చెప్పాడు. ఏ ఆఫీసు, ఎందుకు, బాబుకి ఏమైంది అని అడిగేలోపు పెట్టేశాడు. యాక్సిడెంట్ అనుకున్నాను. ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. ఆటో బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోతే, దిగి పరిగెత్తుదామా అనుకున్నాను. ఇంటికెళ్ళి కాగితాలు తీసుకుంటుంటే వెనక పోర్షన్ తలుపు తీసే ఉంది, టీవీ ఒక్కటే మోగుతోంది, గదిలో అన్నం కంచాలు అలాగే ఉన్నాయి.

పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు అది. నలుగురు పిల్లల్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. గంగారత్నం గారు ఎదురు గోడ కింద నేల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో కానిస్టేబుల్. పిల్లల దగ్గరికి ఆవిణ్ణి రానివ్వట్లేదు. సాత్విక్ ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతున్నాడు. నేను ఎత్తుకుంటే నా మెడ పట్టుకున్నాడు, పట్టుకుని ఒక చెయ్యి ఆవిడ వైపు చాపాడు. వాడి క్షేమం కోసమే తీసుకొచ్చామని అక్కడ ఒకాయన నాకు చెప్పాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతోంది. ఎండలో, అన్నం మధ్యలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు జీపులో ఎక్కించి తీసుకొచ్చి కూర్చోబెట్టడం వాడి క్షేమం.

ఆవిడా తప్పు చేసింది. పోలీసు డ్రెస్సు చూసి భయపడి, వీళ్ళంతా మా చెల్లెలి మనవలని చెప్పింది. చెల్లెలి పేరేమిటంటే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్పింది. ఈవిడ నీకేమవుతుందని ఫిన్నీని అడిగితే వాడు అమ్మమ్మ అన్నాడట. వాళ్ళకి అనుమానం పెరక్క ఏం చేస్తుంది. ఆవిడ మీద కూడా నాకు అప్పుడు కోపం వచ్చింది. ఉన్నమాట చెప్పి ఉంటే పిల్లలు ఇంట్లోనే ఉండేవాళ్ళేమో.

అక్కడి ఆఫీసరమ్మ చెడ్డమనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించింది. పక్కింటాయన ఒకరు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారట. డబ్బు తీసుకుని, ఏ పర్మిషనూ లేకుండా, గదినిండా పిల్లల్ని పెట్టుకుంటోందని చెప్పారట. మధ్యాహ్నమైతే పిల్లలంతా మత్తుగా పడుకుని ఉంటారు, నిద్రమందు ఏదో ఇస్తున్నట్టుందని కూడా చెప్పారట. గదిలో వాళ్ళకి దొరికింది ఫిన్నీ జలుబు మందు, దాని మీద సువార్తమ్మ రాసిన చీటీ అంటించి ఉంది.

ఇతరుల పిల్లల్ని డబ్బు తీసుకుని చూసుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, కెమెరాలు ఉండాలి, మంటలార్పే సిలిండరు ఉండాలి, శిక్షణ ఉన్న మనిషి ఉండాలి అని ఆవిడ చెప్పుకుంటూ పోయింది. నేను మధ్యలో ఆపాను.

"నలుగురు పిల్లల్ని ఇంట్లో చూసుకునే ఆడమనిషి ఏ పర్మిషన్ తీసుకోవాలో చెప్పండి మేడమ్. రేపే తీసుకుంటుంది."

"ప్లే స్కూలుకైతే ఉంది, సంస్థలకైతే ఉంది. ఇలా ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర ఫారం లేదమ్మా."

"మరి లేని పర్మిషన్ తీసుకోలేదని ఎలా పట్టుకొచ్చారు?"

దానికి ఆవిడ వేరే ఊళ్ళో తను చూసిన కేసు చెప్పింది. అక్కడా ఒక ఇల్లే, అక్కడా బోర్డు లేదు. పిల్లలు అల్లరి చేయకుండా ఉండాలని ఒకామె దగ్గుమందు పోస్తూ వచ్చింది. ఒక పాప లేవలేదు. "ఫిర్యాదు వచ్చాక నేను వెళ్ళకుండా కూర్చోలేను. అక్కడ ఎవరూ వెళ్ళలేదు," అంది.

సువార్తమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉంది, ఆవిడ ఫోన్ లాకర్లో ఉంది. ఆఫీసు మూసే వేళైంది. తల్లి రాకపోతే ఫిన్నీని ఈ రాత్రికి శిశుగృహకి పంపాలి అనుకుంటున్నారు వాళ్ళు. నేను తీసుకెళ్తానంటే మీరు బంధువు కాదుగా అన్నారు. శివపార్వతి వచ్చి తన పిల్లల్ని తీసుకెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఒక తొడ మీద సాత్విక్‌ని, ఇంకో తొడ మీద ఫిన్నీని పెట్టుకుని ఆ బెంచీ మీదే కూర్చున్నాను, పంపితే నన్ను కూడా పంపండి అన్నాను. సువార్తమ్మ థియేటర్ చెప్పులతోనే వచ్చింది. కొడుకుని ఎత్తుకుని, నేరుగా వెళ్ళి గంగారత్నం గారి పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ అలా కూర్చుని ఉంటే ఆఫీసులో ఎవరికీ లేవమని చెప్పబుద్ధి కాలేదు.

ఇకమీదట పరాయి పిల్లల్ని పెట్టుకోనని ఆవిడ దగ్గర సంతకం తీసుకుని పంపేశారు. ఆటోలో ఆవిడ ఒకటే అంది: "ఇన్నేళ్ళలో నన్ను పోలీసు జీపు ఎక్కించినోళ్ళు లేరమ్మా." వీధిలో అందరూ చూశారట ఎక్కించడం. మర్నాటి నుంచి కొండలయ్య గారి దగ్గర చేపలు కొనేవాళ్ళలో కొందరు మొహం తిప్పుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం మీరు ఫోన్ చేసినప్పుడు నేను అడిగాను, గుర్తుందా. ఇంత పని ఎవరు చేసి ఉంటారండీ అని. మీరు ఒక్క క్షణం ఆగలేదు. "మన పై ఫ్లోర్ వెంకటరత్నమ్మ గారే అయ్యుంటుంది, పిల్లల గోల అని మొదటినుంచీ అంటోందిగా," అన్నారు.

ఫోన్ చేసింది మగాయన అని విన్నా, ఎవరి చేతో చేయించి ఉంటుందనుకుని నేను మీ మాట నమ్మాను. ఎందుకు నమ్మను? ఫోన్ పెట్టేసి పైకెళ్ళాను. మెట్ల మీద నిలబడి, నాలుగు ఫ్లోర్లకీ వినపడేలా, నోటికొచ్చినట్టు అరిచాను. మీకు పిల్లలుంటే తెలిసేది అన్నాను. పిల్లలు కలగలేదని ఆవిడ పడ్డ బాధ తెలిసి కూడా అన్నాను. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి అంతా విని, "గోలగా ఉందని గంగారత్నం మొహం మీదే చెప్పాను. ఫోన్ మాత్రం నేను చెయ్యలేదు, చేయించలేదు రుచితా," అని తలుపు వేసుకుంది. అబద్ధమనుకున్నాను. ఆ మాటలు నావే, మీ మీదకి నెట్టను. కానీ ఆ తలుపు దగ్గరికి నన్ను పంపింది మీరు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో మీకు రాయలేదు. మెయిన్ రోడ్డు మీద కెమెరాలున్న ప్లే స్కూలుకి వెళ్ళాను. మధ్యాహ్నానికే మూసేస్తారు, మూడేళ్ళు నిండాలి. సువార్తమ్మ ఫిన్నీని డ్యూటీ గదిలో పడుకోబెట్టి మెమో తెచ్చుకుంది. శివపార్వతి పిల్లల్ని షాపు గోడౌన్లో బట్టల మూటల మధ్య కూర్చోబెట్టింది. అక్కడ కెమెరా ఉంది లెండి, దొంగతనాలు జరక్కుండా. నేను సెలవలు వాడేసి, ఇక గత్యంతరం లేక బాబుని తీసుకుని ఉయ్యూరు వెళ్ళాను. మీరు కోరుకున్నది అదేగా.

అత్తయ్యగారు బాబుని ప్రేమగానే చూశారు. అది కాదనను. కానీ ఆవిడ మోకాళ్ళతో వాడి వెనక పరిగెత్తలేరు, గేటు తీస్తే చెరుకు లారీలు. వాడు రెండు రోజులూ గంగారత్నం గారి కోసం ఏడుస్తుంటే, "ఇంకా నయం, ఆ చేపల కంపు వదిలింది," అన్నారావిడ. ఆ మధ్యాహ్నం మనింట్లో కొరమీను పులుసే. బాబుని అక్కడే వదిలి, శని ఆదివారాలు వస్తూ పోతూ ఉందామని మనసు రాయి చేసుకుని బయల్దేరాను.

బస్టాండుకి మావయ్యగారు నా బ్యాగు పట్టుకుని నడిచొచ్చారు. బస్సు వచ్చాక, బ్యాగు నా చేతికివ్వకుండా తనే పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ ఫోన్ చేసింది మన హర్షేనమ్మా. మీ అత్తయ్యతో చెబుతుంటే పక్కనే ఉండి విన్నాను. నీకు చెప్పకుండా నిన్ను బస్సు ఎక్కించడం నా వల్ల కావట్లేదు," అన్నారు.

నేను ఆ బస్సు ఎక్కలేదు. వెనక్కి నడిచి వెళ్ళి బాబుని చంకనేసుకుని తర్వాతి బస్సు ఎక్కాను. ఎందుకని అత్తయ్యగారు అరుగు మీంచి అడుగుతూనే ఉన్నారు. మావయ్యగారే ఏదో సర్దిచెప్పారు. ఆయన మీద కోప్పడకండి. మీ ఇంట్లో నాతో నిజం చెప్పింది ఆయనొక్కరే.

బస్సులో కూర్చుంటే ఒక్కొక్కటీ తట్టింది. బాబు గంగారత్నం గారి దగ్గర మధ్యాహ్నం హాయిగా నిద్రపోతున్నాడండీ అని మీకు చెప్పింది నేను. సంబరపడి చెప్పాను, మీరు దూరంలో దిగులు పడకుండా ఉంటారని. ఆ మాట తీసుకెళ్ళి మీరు హెల్ప్‌లైన్‌కి ఇచ్చారు, మత్తుగా పడుకుంటున్నారని. పక్కింటాయన అని చెప్పుకున్నారు. అంత దూరం నుంచి పక్కింటాయన.

మీకు భయం వేసి ఉండొచ్చు. ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి నిద్ర పట్టక ఉండొచ్చు. ఆ ఆఫీసరమ్మ చెప్పింది విన్నాక ఆ భయం తప్పని నేననను. కానీ భయం వేసిన తండ్రి పెళ్ళాన్ని లేపి అడుగుతాడు. వెళ్ళి అక్కడ ఏం పోస్తున్నారో చూడు అంటాడు. ఆ రోజే పిల్లాణ్ణి ఇంటికి తెచ్చెయ్యి అని గొడవ చేస్తాడు. మీరు నాకు ఒక్క మాట చెప్పలేదు. నిజంగా మీ కొడుక్కి నిద్రమందు పోస్తున్నారని నమ్మి ఉంటే, ఆఫీసువాళ్ళు వచ్చేదాకా వాణ్ణి రోజూ అక్కడికే ఎలా పంపనిచ్చారు? దీనికి జవాబు రాయండి. మిగతావాటికి రాయకపోయినా సరే.

నాకు తెలిసింది చెబుతాను. నన్ను ఉద్యోగం మానెయ్యమని మీరు రెండేళ్ళుగా అడుగుతున్నారు, నేను వినలేదు. నాతో గెలవలేక, నాకు అండగా ఉన్న మనిషిని జీపెక్కించారు. ఆవిడ చేపలవాళ్ళావిడ కాబట్టి అడిగేవాళ్ళు ఉండరనుకున్నారు. రూల్ ఉందా లేదా అన్నది మీకు అక్కర్లేదు. అది నా మీదకి విసరడానికి చేతికి దొరికింది, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. పిల్లాడికి ఏం ఏర్పాటు చేశావు అన్నారు.

గంగారత్నం గారు బుధవారం నుంచి మనింటికి వస్తున్నారు. మన హాల్లో, మన ఫ్యాను కింద, నలుగురు పిల్లలూ ఉంటున్నారు. రానని మొదట చాలా బెట్టు చేశారు, సంతకం పెట్టాను కదమ్మా, మళ్ళీ జీపొస్తే చచ్చిపోతాను అన్నారు. అందుకని ముందు నేనే ఆ ఆఫీసుకి వెళ్ళాను. దాచి చేసేది లేదు మేడమ్, మా ఇంట్లో ఆవిణ్ణి పనికి పెట్టుకుంటున్నాను, ఇంకో ఇద్దరు తల్లులు పిల్లల్ని వదులుతారు, ఏం జరిగినా నా పేరు రాసుకోండి అన్నాను. ఆవిడ సరే అనలేదు, వద్దూ అనలేదు. శుక్రవారం స్వయంగా వచ్చి ఇల్లంతా తిరిగి చూసింది. బాల్కనీకి వల కట్టించమంది, వంటింటి తలుపుకి గొళ్ళెం పైన పెట్టించమంది, మందు సీసాలు అందకుండా పెట్టమంది. పిల్లలు నిద్రపోతుంటే కాసేపు నిలబడి చూసింది. మళ్ళీ చెప్పకుండా వస్తానంది. రండి అన్నాను. వల నిన్న కట్టించాను. టీలో రస్కు మాన్పించడం మాత్రం ఆ ఆఫీసరమ్మ వల్లా కాలేదు.

వెంకటరత్నమ్మ గారి దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ లేవనెత్తారు గానీ ఇంకా పూర్తిగా మాట్లాడట్లేదు. ఫోన్ చేసిందెవరో ఆవిడకి చెప్పాను. చెప్పక తప్పలేదు, నేను వేసిన నింద నేనే తియ్యాలి కదా.

గంగారత్నం గారికి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ మన స్టవ్ మీద మన బాబుకి పాలు కాస్తూ, "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా, బాబు అచ్చం ఆయనే" అంటుంటే నేను వంటింట్లోంచి బయటికి వచ్చేశాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు. వచ్చే సెలవుకి మీరు వస్తారు. ఆవిడ మనింట్లోనే ఉంటుంది. పిల్లలు నిద్రపోయాక, మీరే ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పండి. చెప్పాక ఆవిడ ఉంటుందో, వెళ్ళిపోతుందో, మొహం మీద ఏమంటుందో, అది వినండి. ఆ తర్వాతే మీరూ నేనూ మాట్లాడుకునేది.

ఈలోగా మళ్ళీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలనిపిస్తే చెయ్యండి. ఈసారి మాత్రం మీ ఇంటి అడ్రసే చెప్పాలి.

ఇట్లు,
సాత్విక్ వాళ్ళ అమ్మ,
రుచిత.